బోర్డు పక్కన నిలబడే శిక్ష

అమీర్‌పేట మొత్తం గాలించినా నాలాంటి చూపున్న మేష్టారు దొరకడు మేడమ్! క్లాసులోకి అడుగుపెడితే చాలు. ఎవడు హోంవర్కు ఎగ్గొట్టాడో, ఎవడి జేబులో గోలీలున్నాయో, ఎవరు మొదటి పీరియడ్లోనే టిఫిను డబ్బా ఖాళీ చేశారో, మొహాలు చూసి చెప్పేస్తాను.

అంత చూపున్నవాణ్ణా! నా మూడో క్లాసులో ఒక పిల్లకి బోర్డు కనపడటం లేదని కనిపెట్టేసరికి దసరా పోయి క్రిస్మస్ వచ్చింది.

అయ్యయ్యో, అప్పుడే ఆ ఇనప కళ్ళజోడు నా మొహానికి తగిలించకండి. కూర్చున్నాను కదా, ఎక్కడికీ పారిపోను. పారిపోదామన్నా గుమ్మంలో అది కాపలా ఉంది. అదిగో, తలుపు సందులోంచి చూస్తోంది చూడండి. మా సంగీత. పోయిన నెల మీరు చూశారు, కుడికన్ను మందగించిందని అద్దాలు రాసి, మంచి కంటికి పట్టీ వెయ్యమన్నారు, ఆ పిల్లే. వెనక నిలబడ్డది వాళ్ళ నాన్న మొగిలయ్య. సనత్‌నగర్‌లో లేత్ మిషను మీద పని. పొద్దుటి షిఫ్టు వదులుకుని వచ్చాడు పాపం.

అద్దాలు పెట్టుకుంటోందండీ. పట్టీయే వేసుకోవటం లేదు. ఒక్క పూట వేసుకుంది, అంతే.

తెలుసండీ, తెలుసు. ఎనిమిదేళ్ళొచ్చాయి, ఇప్పటికే ఆలస్యం, ఇప్పుడైనా మంచి కన్ను మూసి ఈ కంటిచేత పని చేయించకపోతే ఇక జన్మలో అది పనిలోకి రాదన్నారు. ఆ మాట విన్నప్పట్నుంచీ నాకు ముద్ద దిగటం లేదు. అందుకే ఆ పిల్ల ఏం అడిగితే దానికి ఒప్పుకున్నాను. అది అడిగిందేంటంటే, "సారుకు సుత అద్దాలున్నయి గద, సారు కండ్లు సుత డాక్టరమ్మ చూడాలె. ఆయనకు రాసింది ఆయన చేస్తే, నాకు రాసింది నేను చేస్త" అని.

అదండీ బేరం. ఈ కుర్చీలో నేనెందుకున్నానో అర్థమైందిగా?

చదువుతానండీ, చార్టు చదువుతాను. చార్టెక్కడికి పోతుంది! ముందు నా మాట వినండి. వింటే మీకే తెలుస్తుంది, ఇది మామూలు కేసు కాదని.

మాది సిలికాన్ కిడ్స్ టెక్నో స్కూలు. మైత్రీవనం వెనక సందులో. కింద టిఫిన్ సెంటరు, పైన జావా కోచింగు, మధ్యలో మేము. కిందనుంచి సాంబారు వాసనొస్తుంది, పైనుంచి జావా పాఠం వినిపిస్తుంది. మా పిల్లలకి ఎక్కాలకన్నా ముందు 'పబ్లిక్ స్టాటిక్ వాయిడ్' నోటికొచ్చింది. టెక్నో అంటే ఏంటని మాత్రం అడక్కండి. ఒక కంప్యూటరుంది. దానికి పట్టుగుడ్డ కప్పి ఉంటుంది. శనివారం చెప్పులు బయట విప్పి, వరసలో వెళ్ళి దర్శనం చేసుకుని రావాలి. ముట్టుకోకూడదు.

నేనా? పగలు ఆ మధ్య అంతస్తులో లెక్కలు చెబుతాను, సాయంత్రం పై అంతస్తులో జావా నేర్చుకుంటాను. తణుకు నుంచి సాఫ్ట్‌వేరు ఉద్యోగమని బస్సెక్కాను. వీసా స్టాంపు పడాల్సిన చేతికి చాక్‌పీసు పొడి అంటుకుంది. సరే, నా గోల వదిలెయ్యండి.

మా కరెస్పాండెంటు రాఘవయ్యగారని ఉన్నారు. ఆయన కనిపెట్టిన గొప్ప పద్ధతి ఒకటుంది, ర్యాంకు సీటింగు. నెలనెలా పరీక్ష, మర్నాడు బెంచీల బదిలీ. మొదటి ర్యాంకులు మొదటి బెంచీ, తర్వాతివాళ్ళు తర్వాత, ఆఖరివాళ్ళు వెనక గోడకి బల్లుల్లాగ. తల్లులు వచ్చి కిటికీలోంచి తొంగిచూస్తే చాలు, పిల్ల ఏ బెంచీలో ఉందో చూసి చదువెలా ఉందో తెలుసుకోవచ్చు. మా ధాత్రి వాళ్ళమ్మగారైతే కూరగాయలకి పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి చూసి వెళుతుంది. ధాత్రి ఫస్టు ర్యాంకు లెండి.

ఇప్పుడు మీరే చెప్పండి. బోర్డు కనపడని పిల్లకి మార్కులు రావు. మార్కులు రాకపోతే వెనక బెంచీ. వెనక బెంచీలో బోర్డు ఇంకా కనపడదు. దాహమన్నవాణ్ణి చలివేంద్రం నుంచి నాలుగడుగులు వెనక్కి నెట్టి, ఇంకా దాహమేనా అని అడగటం కాదూ? దీనికి మేము పెట్టుకున్న పేరు 'ఎక్సలెన్సు'.

సంగీత జూన్‌లో రెండో బెంచీలో ఉండేది. వినాయక చవితికి నాలుగో బెంచీ. దసరాకి గోడ.

మరి నేనేం చేస్తున్నానంటారా? జోకులు వేస్తున్నాను మేడమ్.

అది తల ఓ పక్కకి వంచి బోర్డు చూసేది. "ఏమ్మా, కూచిపూడిలో చేరావా?" అన్నాను. క్లాసంతా నవ్వింది. పుస్తకం ముక్కుకి ఆనించుకుని చదివేది. "చదువుతున్నావా, వాసన చూస్తున్నావా?" అన్నాను. ఇంకా నవ్వారు. ఎనిమిదిని మూడుగా దింపుకునేది. "సగం అంకె ఎలకలు తిన్నాయా?" అన్నాను. లైను తప్పి చదివేది, "గెంతుళ్ళాట బయట ఆడుకో" అన్నాను. మధ్యాహ్నం తలనొప్పి సార్ అంటే, "లెక్కల పీరియడ్లో నాకూ వస్తుంది, ఏం చేస్తాం" అన్నాను. నా జోకులకి మంచి గిరాకీ ఉంది మేడమ్. సంగీత కూడా నవ్వేది. అదే ఇప్పుడు గుర్తొస్తే ఇక్కడెక్కడో గుచ్చుకుంటోంది.

ఇందాక బయట హాల్లో గోడమీది పోస్టరు చదివాను. 'మీ విద్యార్థిలో ఈ లక్షణాలున్నాయా?' అని మీవాళ్ళు అంటించారు చూడండి. చదువుతుంటే చెమటలు పట్టాయి. నా జోకులన్నీ వరసగా అచ్చేసి ఉన్నాయి! ఒక్కటి కూడా వదల్లేదు.

ఇక అసలు కథకి వస్తున్నా. ఆ గడియారం చూడకండి మేడమ్, మీరు చూస్తే నాకు కంగారు.

దీపావళి వెళ్ళాక ఒకరోజు హెచ్చవేత చెబుతున్నాను. వెనక్కి తిరిగితే, ఆఖరి బెంచీలో సంగీత ఒక కన్ను గట్టిగా మూసి నాకేసి చూస్తోంది. గోలీలాటలో గురి చూస్తారే, అలాగ. నాకు కోపం రాదూ? మేష్టారి బట్టతల మీదికి గురి చూస్తున్నట్టుంటేనూ! అంటే బట్టతల ఇంకా రాలేదనుకోండి, వచ్చే దారిలో ఉంది. "ఏంటే, వెక్కిరిస్తున్నావా? రా ఇటు. బోర్డు పక్కన నిలబడు" అన్నాను. మా స్కూల్లో అదే పెద్ద శిక్ష. బోర్డు పక్కన, అందరి ముందూ, పీరియడ్ అయ్యేదాకా.

నిలబడింది.

మర్నాడు మళ్ళీ గురి. మళ్ళీ శిక్ష. ఆ మర్నాడు బల్ల మీద దరువు వేసింది. శిక్ష. తర్వాత కాకిలా అరిచింది. అబ్బో, కాకి కూడా తిరిగి చూసేలా అరిచింది లెండి! స్టాఫ్ రూములో చెప్పాను, "ఈ పిల్లకి సిగ్గన్నది లేదండీ, శిక్షకి వెళుతూ నవ్వుతోంది" అని.

ఆ నెల పరీక్ష కూడా శిక్షలోనే రాసింది. మాకు ప్రశ్నపత్రాలుండవు, ప్రశ్నలు బోర్డు మీదే రాస్తాం. బోర్డు పక్కన నేలమీద కూర్చుని రాసింది. పేపర్లు దిద్దితే ఏముంది, ఆఖరి ర్యాంకు పిల్లకి తొమ్మిదో ర్యాంకు!

రాఘవయ్యగారి ఆనందం చూడాలి మేడమ్. నా భుజం తట్టారు. "చూశారా దుర్గేష్ గారూ, డిసిప్లిన్ అంటే ఇదీ! నిలబెడితే నిలబడే చదువు వచ్చింది. ఆఖరి బెంచీ వాళ్ళందర్నీ వంతులవారీగా నిలబెట్టండి. పాంప్లెట్‌లో కూడా వేద్దాం" అన్నారు. నేనూ తల ఊపాను. నా ఘనతే అనుకున్నాను. సిగ్గులేకుండా మా రూమ్మేటుకి సమోసా కూడా కొనిపెట్టాను.

తొమ్మిదో ర్యాంకంటే రెండో బెంచీ. సంగీత సంచీ తీసుకుని రెండో బెంచీకి వచ్చింది. వచ్చి పావుగంట కాలేదు, ముందున్న ధాత్రి జడ పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. ఆ పిల్ల గొల్లుమంది. నేను ఇంకా నోరు తెరవనేలేదు, సంగీత లేచి నడిచి వచ్చేసింది.

"జడ గుంజిన సార్. నిలబెట్టుండ్రి" అంది.

చేతిలో పుస్తకం. పెన్సిలు కొత్తగా చెక్కి ఉంది. శిక్షకి వచ్చే పిల్ల ఎక్కడైనా పెన్సిలు చెక్కుకుని వస్తుందా మేడమ్?

అప్పుడడిగాను. "ఎందుకే నీకిక్కడ నిలబడటమంటే అంత సరదా?"

"ఈడికెల్లి మీరు రాసేది కనవడ్తది సార్."

"మరి బెంచీలోంచి?"

"ఆడికెల్లి మీరు చెయ్యి ఊపుడు కనవడ్తది."

క్లాసులో ఎవరూ నవ్వలేదు. నేను జోకు వెయ్యలేదు కాబట్టి నవ్వలేదు. నాకు ఆ రోజు జోకు తట్టలేదు మేడమ్. చాక్‌పీసు పట్టుకుని అలాగే నిలబడ్డాను. చూసేవాళ్ళకి శిక్ష నాకే వేసినట్టుండి ఉంటుంది.

టిఫిను బెల్లు కొట్టాక వరండాలో క్యాలెండరు తగిలించి, ఒక కన్ను మూయించి చదవమన్నాను. కుడికన్ను మూస్తే కొంచెం దగ్గరగా జరిగి గడగడా చదివింది. ఎడమకన్ను మూయించాను. "ఏం కనబడుతోంది?" అన్నాను. "గోడ" అంది. "క్యాలెండరేదే?" అంటే, "గా కన్నుకు ఎప్పుడు గట్లనే ఉంటది గద సార్? అందరికి ఒకటి చూసేటందుకు, ఒకటి ఊకె ఉండేటందుకు అనుకున్న" అంది.

ఒకటి ఊకె ఉండేటందుకట! ఎవరైనా అడిగితేగా అది చెప్పటానికి? పుట్టినప్పట్నుంచీ లోకం అలాగే ఉంటే, కనపడటం లేదని దానికెలా తెలుస్తుంది? మనమే అడగాలి. నేను అడగటానికి బదులు కూచిపూడి అన్నాను.

పరుగెత్తుకుని రాఘవయ్యగారి దగ్గరికి వెళ్ళాను. "సార్, ఆ పిల్లని ముందు బెంచీలో కూర్చోబెట్టాలి, దానికి కన్ను కనపడటం లేదు" అన్నాను. ఆయనేమన్నారో తెలుసా? "అయ్యో పాపం. కానీ ముందు బెంచీ ఎలా ఇస్తామండీ? అది ర్యాంకర్లది. ధాత్రి వాళ్ళమ్మగారు కిటికీలోంచి చూస్తే ఏం చెబుతాం? సిస్టమ్ దెబ్బతింటుంది" అన్నారు. కాసేపు ఆలోచించి, "పోనీ ఒక పని చెయ్యండి, శిక్ష పొడిగించండి. బెంచీ అయితే అర్హత ఉండాలి, శిక్షకి అర్హత అక్కర్లేదుగా!" అన్నారు.

నవ్వకండి మేడమ్. ఇవాళ్టికీ మా స్కూలు దృష్టిలో ఆ పిల్ల శిక్షలోనే ఉంది. నేను స్టూలొకటి వేశాను. బోర్డు మీద అక్షరాలు గుమ్మడికాయలంత రాస్తున్నాను. రాసిందల్లా పైకి చదువుతున్నాను. కిటికీ ఎండ బోర్డు మీద మెరిసిపోతుంటే నా పంచె తెచ్చి అడ్డం కట్టాను. మిగతా క్లాసుని కూడా క్యాలెండరు ముందు నిలబెట్టి చూశాను. ఇంకో ఇద్దరు తేలారు. ఒకరెవరో చెప్పనా? ఫస్టు ర్యాంకు ధాత్రి! ముందు బెంచీలో ఉండబట్టి దాని సంగతి బయటపడలేదు. వాళ్ళమ్మగారు ఇప్పుడు కిటికీ దగ్గరికి రావటం మానేసి, లోపలికే వస్తోంది.

ఇహ మొగిలయ్యని ఒప్పించటం ఇంకో పురాణం. వాళ్ళింటికి వెళ్ళి అద్దాలు కావాల్సి రావచ్చన్నాను. ఆయన ఆశ్చర్యపోయాడు. "ఏంది సారూ, అద్దాలు మస్తు చదువుకున్నోళ్ళకు వస్తయి గద! మా పొల్లకు ఆఖరి ర్యాంకాయె. దానికెందుకు అద్దాలు? ముందు చదువు రానీయుండ్రి, గప్పుడు పెడ్దం" అన్నాడు.

తప్పు పట్టలేను మేడమ్. ఆయన రోజూ మైత్రీవనం ముందునుంచి సైకిలు మీద పోతుంటాడు. ఆ సాఫ్ట్‌వేరు కోచింగుల దగ్గర చూసేదేంటి? కళ్ళజోడు, భుజాన బ్యాగు, చేతిలో ఫైలు. పెద్ద పెద్ద ఫ్లెక్సీల మీద కళ్ళజోళ్ళ కుర్రాళ్ళు నవ్వుతుంటారు. అద్దాలు కంటికి కాదు, చదువుకిచ్చే పతకం అనుకున్నాడు.

పిల్ల కూడా మొరాయించింది. "నాకొద్దు, అందరు నగుతరు" అని. అప్పుడు నేనొక మాటన్నాను. మోకాళ్ళ మీద కూర్చుని, నా కళ్ళజోడు ముక్కు మీద సర్దుకుని, "పిచ్చిదానా, నాకూ సరిగ్గా నీ వయసులోనే వచ్చాయి. నేనూ ఏడ్చాను. పెట్టుకున్నాక మామిడిచెట్టు మీద ఒక్కో ఆకూ విడివిడిగా కనపడింది తెలుసా!" అన్నాను. ఎంత బాగా చెప్పానంటే, మొగిలయ్య కళ్ళు తుడుచుకున్నాడు. "సారంతటోడికే వచ్చినయంటే ఫికర్ లేదు బిడ్డా" అన్నాడు.

దాంతో మీ దగ్గరికి వచ్చారు. అద్దాలు పెట్టుకుంది. మొదటిరోజు పంజాగుట్ట చౌరస్తాలో బస్సుల మీద పేర్లన్నీ చదువుతూ నడిచిందట. వాళ్ళ నాన్న చెప్పాడు, "ఆగు బిడ్డా అన్నా ఆగలే సారూ" అని.

పట్టీ దగ్గరే చిక్కొచ్చింది. మంచి కంటి మీద పట్టీ వేసుకుని స్కూలుకొస్తే మావాళ్ళు ఊరుకుంటారా? ఒంటికన్ను దొంగా అన్నారు. తిట్టాను, బుజ్జగించాను, నా జోకులన్నీ అలా అన్నవాళ్ళ మీదికి తిప్పాను. లాభం లేదు. మధ్యాహ్నానికి పట్టీ ఊడబీకేసింది. మా స్కూలు గోడమీద కంప్యూటరు ముందు కూర్చున్న కుందేలు బొమ్మ ఉంటుంది లెండి, తీసుకెళ్ళి ఆ కుందేలు కంటికి అంటించింది. "దాన్ని ఎవ్వరేమనరు" అంది.

ఆ తర్వాతే ఈ బేరం పెట్టింది. "మీకు నా లెక్కనే అయింది గద సార్. మరి మీకెందుకు పట్టీ లేదు? మిమ్మల్ని డాక్టరమ్మ మంచిగ చూడలేదు కావచ్చు. చూపిచ్చుకోండ్రి." నా మీద జాలిపడి అడిగింది మేడమ్! బేరమని నేనంటున్నాను గానీ, అది నా కన్ను గురించి బెంగపెట్టుకుంది.

అదిగో, మళ్ళీ చూస్తోంది. చెయ్యి ఊపుతాను ఉండండి. ఆఁ, ఆఁ, అయిపోతోందమ్మా!

ఇటివ్వండి అంటున్నారా? ఏంటి, కళ్ళజోడా? దాని నంబరు మిషన్లో చూస్తారా? అబ్బే, దానికి మిషనెందుకండీ... వద్దు మేడమ్. మెల్లిగా, తలుపు వేసి ఉందా? ఆయన చెవులు లేత్ మిషను దగ్గర పనిచేసీ పనిచేసీ కాస్త మందం గానీ, దాని చెవులు పాము చెవులు.

చెబుతాను. నవ్వితే తలుపవతలికి వినపడకుండా నవ్వండి.

దీంట్లో నంబరేమీ లేదు. ఉత్త గాజు. మైత్రీవనం ఫుట్‌పాత్ మీద కొన్నాను. మా రూమ్మేటు చెప్పాడు, కళ్ళజోడుంటే ఇంటర్వ్యూలో ప్రోగ్రామర్‌లా కనిపిస్తావు, లేకపోతే ఇప్పుడే కాలవలో ఈత కొట్టి వచ్చినట్టున్నావని. పెట్టుకుని వెళ్ళిన చోటల్లా వాళ్ళు నన్ను చూశారు, నేను వాళ్ళని చూశాను, ఎవరి దారిన వాళ్ళం పోయాం. స్కూల్లో మాత్రం మొదటిరోజే రాఘవయ్యగారు మొహం చూసి, "లెక్కల మేష్టారంటే ఇలా ఉండాలి" అని చేర్చుకున్నారు. ఇహ తియ్యటానికి మొహం చెల్లలేదు. నిద్రలో కూడా ముక్కు తడుముకుంటున్నాను. ఆ మామిడాకులన్నీ నేను పుట్టినప్పట్నుంచీ విడివిడిగానే కనపడుతున్నాయి మేడమ్.

ఇప్పుడు మీరు బయటికెళ్ళి సారుకేం లేదమ్మా అన్నారనుకోండి, సార్ అబద్ధం చెప్పాడని దానికి తెలిసిపోతుంది. తెలిస్తే అద్దాలూ తీసేస్తుంది, పట్టీ మాటే ఎత్తదు. ఆ కన్ను అలా ఊకె ఉండిపోతుంది. నా పరువు పోతే పోనివ్వండి, పోవటానికి పెద్దగా లేదు కూడా. దానికి పెద్దయ్యాక నేనే చెబుతాను, తిట్టించుకుంటాను. ఈ ఏడాది మాత్రం నాకూ ఒక పట్టీ రాయండి. క్లాసులో దాని స్టూలు పక్కన నిలబడి, రోజూ కాసేపు నేనూ కట్టుకుంటాను. మేష్టారే ఒంటికన్నుతో పాఠం చెబుతుంటే దాన్ని దొంగనేవాడెవడు?

అబద్ధపు చీటీ రాయనంటారా? చీటీ వద్దు లెండి. పట్టీ ఒక్కటి వేసి పంపండి చాలు, చూసినవాళ్ళు ఏమనుకుంటే అదే.

వేస్తారా? చల్లగా ఉండండి మేడమ్! ఇదిగో, తీసేశాను కళ్ళజోడు. ఏ కంటికంటారా? మంచి కంటికే కట్టాలని మీరే చెప్పారు కదా.

అదే సిగ్గుచేటు మేడమ్, నాకు రెండూ మంచివే.